చెప్పులు విడిచి వెళ్ళిన కొట్టు

జాబితా టైపు చేసింది నేనే. అందులో మా అమ్మ పేరు లేదు.

రెండు వేల ఏడో, ఎనిమిదో సంవత్సరం. అప్పుడు నేను ఏలూరులో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. కొల్లేటి లంక ఊళ్ళలోని ఆడవాళ్ళ సంఘాల పని చూసే ఆఫీసు అది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళని నలుగురిని థాయిలాండ్ తీసుకెళ్ళి, అక్కడ ఆ పని ఎంత శుభ్రంగా చేస్తారో చూపించి తీసుకురావాలని పై నుంచి కాగితం వచ్చింది. పది రోజుల ప్రయాణం. పెద్దదిక్కుగా మా మేడం వస్తారు. ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో అందించడానికి నేను వెళ్ళాలి. రిజిస్టర్లు చూసి నలుగురి పేర్లూ రాయమంటే రాసి, టైపు చేసి, మేడం బల్ల మీద పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని చదివారు.

"మీ అమ్మగారి పేరు ఏదండీ? ఆ లంకలో అందరికంటే ఎక్కువ సరుకు చేసేది ఆవిడే కదా."

"మా అమ్మ కదండీ. నేనూ వెళ్తూ ఆవిడనీ తీసుకెళ్తే బాగుండదని..."

"బాగుండకపోవడానికి ఏముందండీ? పని చేసేవాళ్ళని తీసుకెళ్ళమన్నారు. ఆవిడ పని చేస్తారు." నాలుగో పేరు కొట్టేసి, దాని పక్కన పెన్నుతో మా అమ్మ పేరు రాసేశారు.

నేను చెప్పిన కారణం వినడానికి న్యాయంగానే ఉంది. అసలు కారణం వేరు.

నేను ఆరో తరగతి నుంచి ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నెలకో ఆదివారం అమ్మ చూడ్డానికి వచ్చేది. ఆ రోజు రెండుసార్లు తలంటుకుని, సబ్బు అరిగేలా రుద్దుకుని, మెడకీ చేతులకీ తెల్లగా పౌడరు రాసుకుని వచ్చేది. ఆ పౌడరు కింద ఎండుచేపల వాసన ఉండేది. నాకు తెలిసేది, మిగతా పిల్లలకీ తెలిసేది. దగ్గరికి రావద్దని నేను ఏనాడూ అనలేదు. అనే అవసరం రాలేదు. వరండాలో అందరు తల్లులూ పిల్లల పక్కన కూర్చుంటే, అమ్మ తనంతట తనే చివరి బల్ల మీద, గాలి అటు పోయే వైపు చూసుకుని కూర్చునేది. నేనే లేచి వెళ్ళాలి. ఒక్కోసారి చాలా నెమ్మదిగా వెళ్ళేదాన్ని.

అదీ అసలు కారణం. విమానంలో, పెద్ద హోటల్లో, పరాయి దేశం వాళ్ళ ముందు ఆ వాసన పక్కన కూర్చోవాలన్న భయం. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. అయినా పదకొండేళ్ళ పిల్లకున్న భయమే.

బయల్దేరే ముందు రోజు లంకకి వెళ్ళి అమ్మ పెట్టె నేనే సర్దాను. నాలుగు కొత్త చీరలు, దుప్పటి, మందులు, ఆవకాయ సీసా. "ఎండుచేపలు మాత్రం పెట్టకమ్మా. విమానంలో ఒప్పుకోరు," అన్నాను. ఒప్పుకుంటారో ఒప్పుకోరో నాకు తెలియదు.

"సరేలేవే," అంది అమ్మ.

*

మమ్మల్ని దింపింది బ్యాంకాకులో కాదు. అక్కడి నుంచి గంటన్నర దూరంలో, సముద్రం ఒడ్డునున్న ఒక చేపల ఊళ్ళో. మొదటి రోజు మధ్యాహ్నం భోజనం ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెట్టారు. అన్నం ముద్దముద్దగా అతుక్కుని ఉంది. కూరలో కారం ఉంది గానీ దాంతో పాటు పంచదార కూడా ఉంది. అమ్మ నాలుగు మెతుకులు కతికి, పళ్ళెం ముందుకి జరిపి, మంచినీళ్ళు తాగి లేచింది. రాత్రి భోజనం కూడా అక్కడే అన్నారు. సాయంత్రం ఐదయ్యేసరికి హోటల్ గదిలో మంచం మీద కూర్చుని, "ఇక్కడ టీ, బిస్కెట్టు దొరికే బడ్డీ ఏదన్నా ఉంటదేమో చూద్దాం రావే," అంది.

హోటల్ మెట్లు దిగితే నాలుగడుగుల్లో కొట్టు. మొత్తం అద్దాలే. పగటి వెలుగు ఇంకా పోలేదు, అయినా లోపల పెళ్ళిపందిరంత లైట్లు. మేము దగ్గరికి వెళ్ళగానే తలుపు తనంతట తనే పక్కకి జరిగింది, ఎక్కడో గంట మోగింది. లోపల్నించి చల్లగాలి వచ్చి మొహానికి కొట్టింది. నేను రెండడుగులు లోపలికి వేసి చూసుకుంటే పక్కన అమ్మ లేదు. వెనక్కి తిరిగాను. అమ్మ గుమ్మం బయట వంగి, చెప్పులు విడిచి, రెండూ జతగా గోడవారకి పెడుతోంది.

"అమ్మా, ఇది కొట్టు. చెప్పులేసుకునే రావచ్చు."

"నేల చూడవే, ఎలా మెరిసిపోతందో. మన కాళ్ళకి ఎంత మట్టుందో ఏంటో," అంటూ వట్టి కాళ్ళతోనే వచ్చేసింది.

కౌంటర్ వెనక ఒక పిల్ల నిలబడి ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. గుండ్రటి మొహం, నుదుటి మీదికి కత్తిరించిన జుట్టు. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించి ఏదో సాగదీసి పలికింది. వాళ్ళ నమస్కారం అది. పొద్దుట్నుంచీ ఎయిర్‌పోర్టులో, ఫ్యాక్టరీలో అదే మాట వింటున్నాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సవతక్కా అంటందేంటే ఈ పిల్ల నన్ను?"

నాకు నవ్వాగలేదు. అది 'సవద్దీ ఖా' అని, వాళ్ళ నమస్కారమని చెప్పాను. అమ్మ నమ్మీ నమ్మనట్టు చూసి, తనూ రెండు చేతులూ జోడించి, "నమస్కారం తల్లీ," అంది. ఆ పిల్ల చూపు అమ్మ కాళ్ళ మీద పడింది. తర్వాత గుమ్మం బయట చెప్పుల మీద పడింది. గబగబా బయటికి వెళ్ళి, ఆ చెప్పులు రెండు చేతులతో తెచ్చి, అమ్మ కాళ్ళ ముందు పెట్టింది. అమ్మ ఉలిక్కిపడి ఆ పిల్ల చేతులు పట్టేసుకుంది. "అయ్యో, చెప్పులు ముట్టుకుంటావేంటమ్మా! తప్పు కదా!" ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మా ముగ్గురికీ నవ్వొచ్చింది.

అలా మొదలైంది.

కొట్టు నిండా అరలు. అరల నిండా రంగురంగుల పొట్లాలు. దేని మీదా మేము చదవగలిగే అక్షరం లేదు. అమ్మకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. నాకు ఇంగ్లీషు వచ్చు. అక్కడ నా చదువూ ఆవిడ చదువూ ఒక్కటైపోయాయి. ఇద్దరం బొమ్మలు చూసి ఊహించుకోవాల్సిందే. అమ్మ నాకంటే బాగా ఊహించింది.

గోడ పొడవునా ఉన్న అద్దాల ఫ్రిజ్ ముందు ఆగి ఒక సీసా చూపించింది. లోపల ఎర్రటి నీళ్ళలో, చుట్టూ జిగురు పట్టిన నల్లటి గింజలు తేలుతున్నాయి. "ఇవి సబ్జా గింజలు కాదూ?" నేను చూసి, అయ్యుండదన్నాను. సబ్జా ఇంత దూరంలో, ఇంత పెద్ద కొట్టులో ఎందుకుంటుందనుకున్నాను. అమ్మ వినలేదు. కొని, మూత తిప్పి, అక్కడే ఒక గుక్క తాగి, కళ్ళు పెద్దవి చేసింది. "సబ్జాయే. ఎండాకాలం మన గుండుగొలను సెంటర్లో అమ్మేదే. వీళ్ళు తేనె కూడా పోశారు." ఆ రోజు ఆవిడ కడుపులో నిలిచింది ఆ సీసా ఒక్కటే. సీసా పారెయ్యకుండా కడిగి, ఎండబెట్టి, పెట్టెలో దాచుకుంది.

మర్నాటి నుంచి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. రోజుకి ఒకటి తెలిసింది, ఒకటి తెలియనిది కొనాలి. తెలిసింది కడుపు కోసం. తెలియనిది ఊరికే. తెలియనిది బాగోకపోతే ఇద్దరం సగం సగం తినాలి, పారెయ్యకూడదు.

రెండో రోజు ఆకుపచ్చ పొట్లం ఒకటి. కాగితమంత పల్చగా, నల్లపచ్చ రంగులో కరకరలాడే రేకులు. ఒకటి నోట్లో పెట్టుకుని అమ్మ నమలడం ఆపేసింది.

"ఇది నాచు కదే!"

నిజంగానే నాచు. సముద్రపు నాచు నూనెలో వేయించి, ఉప్పూ కారం చల్లారు. మా దగ్గర వలలకి చుట్టుకుంటే తిట్టుకుంటూ పీకి గట్టు మీద పారేసే నాచు. "మన కొల్లేట్లో ఉన్నదంతా ఇక్కడికి తెచ్చి పోస్తే వీళ్ళు ఎన్నేళ్ళు తింటారో," అంటూ పొట్లం మొత్తం ఖాళీ చేసింది. నాకు సగం ఇవ్వాలన్న సంగతి మర్చిపోయింది.

మూడో రోజు చింతపండు. గింజ తీసి, ఉప్పు, కారం, పంచదార అద్ది, చిన్న చిన్న ఉండలుగా చేసి, ఒక్కో ఉండని విడిగా కాగితంలో చుట్టారు. చిన్నప్పుడు మేము వంటింట్లో దొంగతనంగా చేసుకుని పుల్లకి గుచ్చి చీకిన చింతపండు ఉండ అది. దానికి అంత మర్యాద చేసి కూర్చోబెట్టడం చూసి ముచ్చటేసింది. నాలుగో రోజు నల్లటి జెల్లీ ముక్కలున్న డబ్బా. తాగితే నాన్నకి కాచిచ్చే కషాయంలా ఉంది. ఇద్దరం కళ్ళు మూసుకుని సగం సగం పూర్తి చేశాం. ఐదో రోజు వెచ్చటి గాజు పెట్టెలో పెట్టిన తెల్లటి ఆవిరి బన్ను. బయట నుంచి చూస్తే మన ఇడ్లీలా ఉంది. లోపల ఏం పెట్టారో తెలియదు.

లోపల ఏముందో చెప్పడం ఆ పిల్ల పని. మేము వేలు చూపిస్తే ఆ పిల్ల ఆ జంతువులా అరిచేది. కోడైతే కొక్కొరోకో, ఆవైతే అంబా, పందైతే ముక్కుతో గురగుర. ఆ గురగుర వినగానే అమ్మ చెయ్యి వెనక్కి లాక్కునేది. చేపైతే అరచెయ్యి ఊపుతూ నీళ్ళలో ఈదినట్టు చూపించేది. రొయ్య అయితే చూపుడు వేలు వంచి, టిక్కు టిక్కుమని వెనక్కి గెంతించేది. రొయ్య వెనక్కి గెంతుతుందని ఆ పిల్లకి తెలుసు. అమ్మ దాన్ని గమనించింది. "ఈ పిల్ల నీళ్ళ దగ్గర పుట్టిందే," అని ఆ రోజే అంది.

శనివారం పెద్ద చిక్కొచ్చింది. శనివారం అమ్మ నీచు ముట్టదు. చేపల మధ్య బతికిన మనిషే గానీ ఆ నియమం మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ తప్పలేదు. ఆ రోజు ఆ పిల్లకి మేమే నాటకం ఆడి చూపించాల్సొచ్చింది. నేను కోడిలా రెక్కలు ఆడించి వద్దని చెయ్యి ఊపాను. అమ్మ చేపలా ఈది వద్దని తల ఊపింది. వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు తమాషా చూస్తున్నారు. ఆ పిల్ల ఆలోచించి, అరల్లోకి వెళ్ళి, ఒక్కొక్క పొట్లం వెనక అక్షరాలు వేలు పెట్టి చదివి చూసి, మళ్ళీ పెట్టేసి, చివరికి ఒక సోయా పాల సీసా, ఉడికించిన మొక్కజొన్న కండె, అరటిపళ్ళు తెచ్చింది. చిలగడదుంప చిప్సు పొట్లం కూడా ముందు తెచ్చింది గానీ, వెనక చదివి, అరచెయ్యి చిన్నగా ఊపి తీసుకెళ్ళిపోయింది. అందులో ఎక్కడో కాస్త చేప సారం కలిసిందని దానర్థం. మేము అడక్కపోయినా చూసింది. అమ్మ ఆ మొక్కజొన్న కండె గదిలో కూర్చుని ఒక్కో గింజా ఒలుచుకుని తింటూ, "మన వాళ్ళెవరన్నా ఇంత శ్రద్ధగా చూస్తారా?" అంది.

పగలంతా ఫ్యాక్టరీలు. తెల్లటి కోట్లు, నెత్తికి ప్లాస్టిక్ టోపీలు, ముక్కుకి గుడ్డ. స్టీలు బల్లలు, ఆవిరి గదులు, చేపని ఒక చివర వేస్తే ఇంకో చివర డబ్బాలో బయటికొచ్చే మిషన్లు. చెప్పేవాయన ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో అందించడం, నలుగురు ఆడవాళ్ళూ తలలూపడం. అమ్మ మొదటి రోజు శ్రద్ధగా విన్నది. మూడో రోజుకి నా చెవిలో, "ఇన్ని మిషన్లు మన లంకలో ఎక్కడ పెడతామే? కరెంటే సగం రోజు ఉండదు," అంది. నిజమే. నేను మాత్రం అన్నీ పుస్తకంలో రాసుకున్నాను, తిరిగి వెళ్ళాక రిపోర్టు రాయాలి కదా.

*

ఆదివారం సాయంత్రం కౌంటర్ పక్కన, చాక్లెట్లు వేలాడే కొక్కేలకే వేలాడుతున్న సన్నటి పొట్లాలు అమ్మ కంటపడ్డాయి. బొమ్మలో ఒక చేప నవ్వుతోంది. అమ్మ వేలు చూపించింది. ఆ పిల్ల అరచెయ్యి ఊపి ఈదించింది. తర్వాత రెండు చేతులూ చాచి పైన సూర్యుణ్ణి చూపించి, మొహం తుడుచుకుంది. ఎండలో పెట్టిన చేప.

అమ్మ చాలాసేపు ఆ పొట్లాన్ని చేతిలో తిప్పుతూ నిలబడింది. పక్కన బడి వయసు ఆడపిల్లలు ఇద్దరు వచ్చి అదే పొట్లం చెరొకటి తెంపుకుని, డబ్బులిచ్చి, చింపుకుని, నవ్వుకుంటూ తినుకుంటూ పోయారు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోలేదు. కడుక్కోవాలని వెతుక్కోలేదు. అమ్మ వాళ్ళు రోడ్డు దాటేదాకా చూసింది. నేను అమ్మని చూశాను. నాకు హాస్టల్ వరండా గుర్తొచ్చి, సోడా కొనుక్కోవడానికన్నట్టు ఫ్రిజ్ వైపు వెళ్ళిపోయాను.

గదికి వచ్చాక అమ్మ పొట్లం చింపింది. దారాల్లాంటి సన్నటి ముక్కలు. ఒకటి తీసి వాసన చూసి, ముందు పళ్ళతో కొరికి, తర్వాత నాలుక మీద పెట్టుకుని, నిదానంగా నమిలింది. పనిమంతులు ఇంకొకరి పనిని చూసే తీరు అది.

"ఇది చేప కాదే. చేపని రుబ్బి, పిండి కలిపి, అప్పడంలా పరిచి ఎండబెట్టి కోశారు. పంచదార ఎక్కువైంది. చేప రుచి ఎక్కడో అడుగున ఉంది."

"బాలేదా?"

"బాగుంది. కానీ మనది ఇంకా బాగుంటది." అని లేచి వెళ్ళి పెట్టె తెరిచింది. కొత్త చీరల మడతల్లోంచి మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన పొట్లం బయటికి తీసింది. ఎండు రొయ్యలూ, వేలెడంత ఎండు పరిగె చేపలూ. బాగా వేయించి, ఉప్పూ కారం పట్టించినవి.

"వద్దన్నాను కదమ్మా!"

"తిండి పడకపోతే ఏం చేస్తానే? నువ్వు చూడకుండా పెట్టుకున్నాను." తలొంచుకుని పొట్లం ముడి విప్పుతూ అంది, "నీకు వాసన గిట్టదని ఇన్నాళ్ళూ తియ్యలేదు."

వారం రోజుల నుంచి ఆకలితో ఉండి కూడా, ఒకే గదిలో నేను ఉన్నానని, ఆవిడ ఆ ముడి విప్పలేదు. చెయ్యి చాపి నాలుగు రొయ్యలు తీసుకుని నోట్లో వేసుకున్నాను. అమ్మ నా మొహంలోకి చూసి, ఇంకో నాలుగు నా చేతిలో పెట్టింది.

మర్నాడు సాయంత్రం కొట్టుకి వెళ్తూ అమ్మ కొంగున ఏదో మూట కట్టుకుంది. ఏంటని అడిగితే చెప్పలేదు. కొట్టులో జనం లేని సమయం చూసి, కౌంటర్ మీద కొంగు ముడి విప్పి, కాగితం పొట్లం తెరిచింది. ఆ చల్లటి, తళతళలాడే కొట్టంతా ఒక్క క్షణంలో ఎండు రొయ్యల వాసనతో నిండిపోయింది. సబ్బు వాసన, బన్నుల వాసన, కాఫీ వాసన అన్నీ ఎటో పోయాయి. నాకు చెవులు వేడెక్కాయి. ఎవరన్నా వచ్చి తిడతారనే అనుకున్నాను.

ఆ పిల్ల వంగి వాసన చూసింది. కళ్ళు మూసుకుంది. ఒక రొయ్య తీసుకుని నమిలి, ఇంకోటి తీసుకుని, వెనక గదిలోకి కేకేసింది. మీసాలున్న ఒక నడివయసు మనిషి, మేనేజరేమో, బయటికొచ్చాడు. అతనూ తిన్నాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఒక పరిగె కూడా తీసుకుని, అమ్మకి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ పిల్ల అమ్మ వైపు వేలు చూపించి, చేతులతో పరుస్తున్నట్టు చేసి, మొహం ప్రశ్నలా పెట్టింది. నువ్వే చేశావా అని. అమ్మ తన గుండెల మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు ఆ పిల్ల జేబులోంచి సెల్‌ఫోన్ తీసింది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద తెరలో ఒక ఫొటో. సముద్రం ఒడ్డున, మోచేతుల దాకా చొక్కా, తలకి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆ పిల్ల ఒక్క మాట అంది. "మే." ఆ మాట తెలియకపోయినా మాకు అర్థమైంది. వాళ్ళమ్మ. ఆవిడ ముందు వరసగా చేపలు ఎండుతున్నాయి.

నేను ఆ అమ్మ మొహం చూస్తున్నాను. మా అమ్మ మాత్రం ఆ మొహం చూడనేలేదు. చేపల కింద ఏముందో చూసింది.

"మంచాల్లా కట్టారే! నేల మీద కాదు. వెదురు కర్రలు పాతి, నడుమెత్తున తడికలు వేసి, పైన వల పరిచారు. ఇసక తగలదు. కింద నుంచి కూడా గాలి ఆడతది. కుక్క ముట్టదు. అడగవే, ఎలా కట్టారో అడుగు!"

ఎలా అడగను? అమ్మే అడిగింది. కౌంటర్ మీదున్న స్ట్రాలు నాలుగు తీసుకుని, ఒక చేత్తో నాలుగు కాళ్ళలా నిలబెట్టి పట్టుకుని, మీద బిల్లు కాగితం పెట్టి, ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ పిల్ల పకపకా నవ్వి, కాగితం తీసేసి, స్ట్రాలు అడ్డంగా, దగ్గర దగ్గరగా పేర్చి చూపించింది. మధ్యలో సందులుండాలి. ఒక పక్క కాస్త ఎత్తు, ఒక పక్క పల్లం. చేప నుంచి కారే నీరు జారిపోవడానికి. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని, ఒకరు తెలుగులో, ఒకరు థాయిలో మాట్లాడుకుంటూ స్ట్రాలతో పందిరి కడుతుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు పక్కన ఓపిగ్గా నిలబడ్డారు. వారం రోజులు నేను పుస్తకం నిండా రాసుకున్నదాంట్లో అమ్మకి పనికొచ్చింది ఒక్క పేజీ లేదు. ఆవిడ చదువు ఆ పది నిమిషాల్లో అయిపోయింది.

ఆఖరి రోజు సాయంత్రం, మిగిలిన రొయ్యలూ పరిగెలూ అన్నీ ఒకే పొట్లంలో కట్టి తీసుకెళ్ళాం. ఆ పిల్ల లేదు. ఆ రోజు సెలవేమో. వేరే కుర్రాడు ఉన్నాడు. మేనేజరూ లేడు. అమ్మ పొట్లం అతని చేతికిచ్చి, నుదుటి మీద జుట్టు కత్తిరించినట్టు వేళ్ళతో చూపించి, "ఆ పిల్లకియ్యి నాయనా. మర్చిపోకు," అని తెలుగులో రెండుసార్లు చెప్పింది. అతను తలూపి కౌంటర్ కింద పెట్టాడు. అది ఆ పిల్లకి చేరిందో లేదో తెలియదు. బ్యాంకాక్ వెళ్ళే వ్యానులో అమ్మ, "పేరన్నా అడక్కపోయామే," అంది.

*

ఇంటికొచ్చాక నేను రిపోర్టు రాశాను. మిషన్ల గురించి, ఆవిరి గదుల గురించి, ప్లాస్టిక్ టోపీల గురించి. మేడం చదివి, బాగుందన్నారు. "ఇందులో మన ఊళ్ళో చెయ్యగలిగింది ఏదైనా ఉందాండీ?" అని అడిగారు. అప్పుడు స్ట్రాల సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. రిపోర్టు చివర అది కూడా రాయమన్నారు. కొట్టు పేరు లేకుండా, 'స్థానికుల ద్వారా తెలిసింది' అని రాశాను.

అమ్మ ముందు కట్టింది మాత్రం తడిక కాదు, పొట్లం. నవ్వే చేప బొమ్మ ఆవిడ మనసులోంచి పోలేదు. వేయించిన ఎండు రొయ్యల్ని చిన్న చిన్న కవర్లలో పోసి, నా చేత తెల్ల కాగితం మీద 'కొల్లేటి రొయ్యలు' అని రాయించి లోపల పెట్టి, కొవ్వొత్తి మంట మీద మూతి అంటించింది. తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర సోడాలు, చక్కిలాలు అమ్మే ఒకాయన్ని బతిమాలి పొట్లాల దండ ఒకటి వేలాడదీయించింది. మొదటి రెండు వారాలూ బాగానే పోయాయి. బస్సెక్కే మగవాళ్ళు కొనుక్కున్నారు. ఆ తర్వాత తొలకరి పడింది. కవర్ల లోపల చెమ్మ చేరి, రొయ్యలు మెత్తబడి, కొన్నింటికి బూజు పట్టింది. బస్సులో పొట్లం విప్పితే పక్కవాళ్ళు గొడవ పెడుతున్నారని కూడా కొట్టాయన చెప్పాడు. "ఏమీ అనుకోకండమ్మా. చక్కిలాలకి కూడా ఆ వాసనే పడుతోందండీ," అని దండ తిరిగిచ్చేశాడు.

అమ్మ బాధపడుతుందనుకున్నాను. ఆవిడ ఆ దండని చూరుకి తగిలించి, "వాళ్ళ దగ్గర కొట్టు మొత్తం చల్లగా ఉంటదే. మనకి బస్టాండు కదా," అని ఊరుకుంది. పొట్లం ఆలోచన అంతటితో వదిలేసింది.

తడికలు వానాకాలం తర్వాత మొదలుపెట్టింది. వెదురు ఉంగుటూరు వైపు నుంచి తెప్పించింది. చిరిగిన వలలు లంకలో ఎవరింట్లోనైనా ఉంటాయి. మొదటి తడిక ఒక పక్క మరీ ఎత్తు కట్టేసరికి చేపలన్నీ జారి కింద పడ్డాయి. రెండోది నిలబడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మొదట్లో వచ్చి చూసి, "చేపలకి మంచాలేశావేంటి వదినా, దుప్పటి కూడా కప్పుతావా?" అని ఆటపట్టించారు. నెల తిరిగేసరికి తాడేపల్లిగూడెంలో సరుకు తీసుకునే పెద్ద వ్యాపారి అమ్మ బుట్ట విప్పి, చేప విరిచి, నాలుక మీద పెట్టుకుని, ఇసక తగల్లేదన్నాడు. ఆ మాట అమ్మ కంటే ముందే లంకకి చేరింది. మరుసటి వేసవికి గట్టు మీద ఆరో ఏడో తడికలు లేచాయి.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడింటికి, ఎండ పెళపెళలాడుతుండగానే, కలిదిండి వైపు ఆకాశం నల్లబడి గాలి లేచింది. అంతకుముందైతే వాన వచ్చిందంటే చేపల పనే పోయినట్టు. చాపల మీద నుంచి చేప చేప ఏరుకునే లోపల సగం తడిసిపోయేవి. అమ్మ గట్టు మీదికి పరుగెత్తింది. పక్కింటి వదిన తమ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నన్ను కూడా రమ్మని కేకేశారు. తడిక పైభాగాన్ని కర్రల మీద నుంచి లేపి, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పట్టుకుంటే, చేపలతో సహా మొత్తం కదిలొచ్చేస్తుంది. అలా ఒక్కోటీ మోసుకొచ్చి వసారాలో దింపాం. పెద్ద చినుకులు మొదలయ్యేసరికి ఆఖరి తడిక ముందు చివర అమ్మ చేతుల్లో, వెనక చివర నా చేతుల్లో ఉంది.

"అటు ఎత్తవే, ఎత్తు! పరిగెలు జారిపోతన్నాయి!" అని అమ్మ అరుస్తోంది. నేను ఎత్తి పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, ఆవిడ వెనకే గుమ్మంలోకి నడిచాను.